బొల్లికీ, రక్తంలో కొవ్వుకీ ఏమిటి సంబంధం?

బొల్లి మచ్చలు చూపించుకుందామని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తే, రాసిచ్చిన చీటీలో థైరాయిడ్, షుగర్ పరీక్షలతో పాటు ఒక్కోసారి లిపిడ్ ప్రొఫైల్ కూడా ఉంటుంది. మచ్చేమో చర్మం మీద, కొలెస్ట్రాలేమో రక్తంలో. రెండింటికీ ఏం పొంతన అని అనుమానం వస్తుంది. తీరా రిపోర్టులో ఏదో ఒక అంకె హద్దు దాటి కనిపిస్తే ఆ అనుమానం కాస్తా భయమవుతుంది. నూనె పదార్థాలు తినబట్టే పిల్లకి మచ్చలొచ్చాయా? నెయ్యి మానేస్తే రంగు తిరిగొస్తుందా? కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే బొల్లి కూడా తగ్గుతుందా?

అడగాల్సిన ప్రశ్నలే ఇవన్నీ. శాస్త్రజ్ఞులు కూడా దాదాపు ఇవే ప్రశ్నలు వేసుకున్నారు. కొన్నిటికి గట్టి జవాబులు దొరికాయి, కొన్నిటికి సగమే దొరికాయి. సంబంధం ఉందన్న మాట నిజం. అయితే నోట్లో పెట్టుకున్న ముద్దకీ చర్మం మీది మచ్చకీ నేరుగా దారి లేదు, మధ్యలో రోగనిరోధక వ్యవస్థ ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా రెండు కొసల్నీ ముడేస్తే అనవసరమైన పథ్యాలూ అక్కర్లేని మందులూ నెత్తిన పడతాయి.

అసలు రంగు ఎందుకు పోతుంది?

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. మెలనిన్ అనే రంగుపదార్థాన్ని తయారుచేసేవి ఇవే. ఒక్కో మెలనోసైటు తన చుట్టూ ఉన్న సుమారు 36 చర్మకణాలకు రంగు పంచుతుంది. బొల్లిలో ఈ మెలనోసైట్లు నశిస్తాయి. వాటిని చంపేవి మన ఒంట్లోని రక్షక కణాలే. సీడీ8 టీ కణాలని పిలిచే ఒక రకం తెల్లరక్తకణాలు మామూలుగా వైరస్ సోకిన కణాల్ని వెతికి చంపుతాయి. బొల్లి ఉన్నవాళ్లలో అవి మెలనోసైట్లను శత్రువులనుకుని వాటి మీద పడతాయి.

ఎందుకలా పొరబడతాయన్నదానికి కారణం కొంత పుట్టుకలో ఉంది, కొంత మెలనోసైటు చేసే పనిలోనే ఉంది. రోగనిరోధక వ్యవస్థను నడిపే జన్యువుల్లో పదుల కొద్దీ చిన్న తేడాలు బొల్లి ముప్పును పెంచుతాయి. ఇక మెలనిన్ తయారయ్యేటప్పుడు కణాన్ని లోపలినుంచి దెబ్బతీసే ఆక్సీకరణ పదార్థాలు పుడతాయి. బొల్లి చర్మంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుపోతుందనీ, దాన్ని విరిచేసే కెటలేజ్ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుందనీ 1990ల్లోనే గుర్తించారు. అలా నలిగిపోయిన మెలనోసైటు తాను ఆపదలో ఉన్నట్టు సంకేతాలు పంపుతుంది. వచ్చిన టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతాయి. దాని ప్రభావంతో పక్కనున్న మామూలు చర్మకణాలు సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వాటి పిలుపుకి మరిన్ని టీ కణాలు వచ్చి చేరతాయి. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే చక్రం ఇది. మచ్చ అంచులు నెమ్మదిగా విస్తరించడానికి కారణం ఈ చక్రమే.

ప్రపంచ జనాభాలో నూటికి అర నుంచి ఇద్దరి దాకా బొల్లి ఉన్నవాళ్లే. ఇది అంటుకోదు. కుష్ఠుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగానే ఉంటుంది. రెండూ ఒకటేనన్న అపోహతో ఇవాళ్టికీ పెళ్లి సంబంధాలు తప్పిపోతున్నాయి, అందుకే ఈ మాట ఎన్నిసార్లయినా చెప్పాల్సిందే.

లిపిడ్ ప్రొఫైల్‌లో కొలిచేది దేన్ని?

కొవ్వు నీళ్లలో కరగదు. రక్తంలో ఎక్కువ భాగం నీరే. కాబట్టి కాలేయం నుంచి, పేగుల నుంచి కొవ్వు ఒళ్లంతా ప్రయాణించాలంటే దానికొక ప్రోటీను తోడుండాలి. కొవ్వు లోపల, దాన్ని పట్టి ఉంచే ప్రోటీను పైన ఉండే ఈ అతిసూక్ష్మ రేణువులే లైపోప్రోటీన్లు. చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలుచుకునే ఎల్‌డీఎల్ రేణువు ఒక్కోదానికి అపోబి అనే ప్రోటీను ఒక్కటే ఉంటుంది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌లోని ప్రోటీనులో దాదాపు 70 శాతం అపోఏ1.

ఎల్‌డీఎల్ కణాలకు కొలెస్ట్రాల్ అందిస్తే, హెచ్‌డీఎల్ కణాల్లో మిగిలిపోయినదాన్ని తీసుకుని కాలేయానికి చేరుస్తుంది. ఇది చాలామందికి తెలిసిన సంగతే. బొల్లి విషయంలో పనికొచ్చేది హెచ్‌డీఎల్ చేసే రెండో పని. దాని మీద పారాఆక్సోనేజ్ అనే ఎంజైమ్ అంటుకుని ఉంటుంది, అది కొవ్వులు ఆక్సీకరణం చెందకుండా కాపాడుతుంది. అపోఏ1 అయితే తెల్లరక్తకణాల పైపొరలో కొలెస్ట్రాల్‌ని తగ్గించి వాటి ఆవేశాన్ని కొంత చల్లబరుస్తుంది. అంటే కొవ్వును మోసే ప్రోటీన్లకు మోత పనితో పాటు రోగనిరోధక వ్యవస్థలోనూ ఒక చెయ్యుంది. ఆక్సీకరణ ఒత్తిడీ, రెచ్చిపోయిన తెల్లరక్తకణాలూ, బొల్లికి మూలమైన ఈ రెండూ హెచ్‌డీఎల్ అదుపు చేసే జాబితాలోనే ఉన్నాయి. శాస్త్రజ్ఞుల చూపు ఇటు మళ్లింది అందుకే.

బొల్లి ఉన్నవాళ్ల రక్తంలో ఏం కనిపించింది?

వేర్వేరు దేశాల్లో బొల్లి ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పక్కపక్కన పెట్టి పరీక్షలు చేశారు. చాలా అధ్యయనాల్లో బొల్లి ఉన్నవాళ్లకి ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ కొంచెం ఎక్కువగా, హెచ్‌డీఎల్ కొంచెం తక్కువగా కనిపించాయి. కొన్నిట్లో ఏ తేడా కనబడలేదు. నడుం చుట్టుకొలత, బీపీ, షుగర్, కొవ్వులు కలిసి అదుపు తప్పే మెటబాలిక్ సిండ్రోమ్ కూడా బొల్లి ఉన్నవాళ్లలో ఎక్కువని కొందరు తేల్చారు.

మన దగ్గర ఈ లెక్కల్ని చదివేటప్పుడు రెట్టింపు జాగ్రత్త అవసరం. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగిన సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. వాటి ప్రకారం 72.3 శాతం మందిలో హెచ్‌డీఎల్ ఉండాల్సినదానికంటే తక్కువే. అంటే ఏ జబ్బూ లేని పదిమందిని పిలిచి పరీక్షించినా ఏడుగురి రిపోర్టులో ఆ వరుస ఎర్రగానే రావచ్చు. బొల్లి ఉన్న మనిషికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉందంటే అది బొల్లి వల్లే అనడానికి లేదు. తెల్లన్నం ఎక్కువ, శారీరక శ్రమ తక్కువ, వంశంలో షుగర్ ఉన్న మామూలు మనిషి రిపోర్టూ అలాగే ఉంటుంది. వయసు, బరువు, ఆహారం సరిపోల్చకుండా చేసిన చిన్న అధ్యయనాన్ని పట్టుకుని బొల్లికి కారణం కొవ్వే అని వీడియోల్లో చెప్పేవాళ్లని నమ్మకూడదనేది అందుకే.

ఏది ముందు, ఏది వెనక?

రెండు మార్పులు ఒకచోట కనబడ్డప్పుడు ఏది కారణం, ఏది ఫలితం అన్నది తేల్చాలి. ఇక్కడ చాలావరకు బాణం రోగనిరోధక వ్యవస్థ వైపు నుంచి కొవ్వుల వైపు వెళ్తుంది.

ఒంట్లో ఎక్కడైనా వాపు ప్రక్రియ సాగుతుంటే కాలేయం పనితీరు మారుతుంది. ట్రైగ్లిజరైడ్లను కరిగించే ఎంజైమ్ మందగిస్తుంది, అవి పెరుగుతాయి. హెచ్‌డీఎల్ పరిమాణం తగ్గుతుంది. ఉన్న హెచ్‌డీఎల్‌లో కూడా అపోఏ1 స్థానాన్ని సీరం అమైలాయిడ్ ఏ అనే మరో ప్రోటీను ఆక్రమిస్తుంది. అప్పుడు రిపోర్టులో అంకె బాగున్నా, ఆ హెచ్‌డీఎల్‌కి కొవ్వుల్ని కాపాడే శక్తి సన్నగిల్లుతుంది.

దీనికి చక్కటి రుజువు కీళ్లవాతంలో ఉంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముదిరినప్పుడు రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ తగ్గుతుంది. రోగనిరోధక సంకేతాల్ని కణం లోపలే అడ్డుకునే టోఫాసిటినిబ్ లాంటి జాక్ నిరోధక మాత్రలతో వాపు అణగగానే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ పెరుగుతాయి. తిండి మారలేదు, మారింది రోగనిరోధక సంకేతం. కొవ్వు అంకెల్ని రోగనిరోధక వ్యవస్థ ఎంతగా శాసిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే కీళ్లవాతంతో పోలిస్తే బొల్లిలో వాపు చాలా చిన్నది, చర్మానికే పరిమితమైనది. అందుకే బొల్లి ఉన్నవాళ్ల కొవ్వుల్లో తేడా కూడా చిన్నదే, కొన్ని అధ్యయనాలకు చిక్కి కొన్నిటికి చిక్కనంత చిన్నది. సొరియాసిస్‌కీ గుండెజబ్బుకీ ఉన్నంత బలమైన ముడి బొల్లికి లేదు.

డాక్టరు పరీక్షలు రాయడానికి ఇంకో బలమైన కారణం థైరాయిడ్. ఇలా రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులు జట్టుగా తిరుగుతాయి. బొల్లి ఉన్నవాళ్లలో థైరాయిడ్ గ్రంథి మీద కూడా రోగనిరోధక వ్యవస్థ దాడి చేసే అవకాశం మామూలు కంటే ఎక్కువ. థైరాయిడ్ హార్మోను తగ్గితే, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే గ్రాహకాలు కాలేయంలో తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అంటే బొల్లి ఉన్న మనిషిలో పెరిగిన కొలెస్ట్రాల్ వెనక ఇంకా బయటపడని థైరాయిడ్ లోపం దాగి ఉండొచ్చు. ఈ ఒక్క కారణానికే ఆ పరీక్షలు చేయించడం న్యాయం. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చూడకుండా కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెడితే అసలు జబ్బు కిందనే ఉండిపోతుంది.

మందులూ లెక్కలోకి వస్తాయి. వేగంగా పాకుతున్న బొల్లిని ఆపడానికి మన దేశంలో వారానికి రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చే పద్ధతి ఉంది. స్టెరాయిడ్లు షుగర్‌నీ కొవ్వుల్నీ పెంచగలవు. నోటితో వేసుకునే జాక్ నిరోధకాల సంగతి పైన చెప్పుకున్నాం. ఈ మందులు మొదలుపెట్టే ముందు ఒకసారి, వాడుతుండగా అప్పుడప్పుడూ లిపిడ్లు చూడటం డాక్టరు బాధ్యత. చీటీలో ఆ పరీక్ష కనిపించింది బహుశా ఇందుకే.

మరి కొవ్వు నుంచి చర్మానికి దారే లేదా?

ఉంది. నాకు ఈ విషయమంతటిలో ఆసక్తి కలిగించిన భాగం ఇదే. ఆ దారి తిన్న నెయ్యి గుండా పోదు, టీ కణం లోపలి రసాయనాల గుండా పోతుంది.

టీ కణం దాడికి దిగాలంటే ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలి. కొత్త కణానికి కొత్త పైపొర కావాలి, పైపొరకి కొలెస్ట్రాల్ కావాలి. కణంలో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిని జపాన్ శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1970ల్లో ఒక బూజు నుంచి తీసిన పదార్థంతో అడ్డుకోగలిగారు. స్టాటిన్ మందులకు అది ఆరంభం. ఆ దారిలో కొలెస్ట్రాల్‌తో పాటు టీ కణాల సంకేతాలకు అవసరమైన ఇతర పదార్థాలూ తయారవుతాయి. కాబట్టి స్టాటిన్ కొలెస్ట్రాల్‌ని తగ్గించడంతో ఆగదు, రోగనిరోధక కణాల దూకుడునీ కొంత తగ్గిస్తుంది. 2004లో ఒక ఆసక్తికరమైన సంఘటన వైద్యపత్రికలో వచ్చింది. కొలెస్ట్రాల్ కోసం ఎక్కువ మోతాదు సిమ్వాస్టాటిన్ వాడుతున్న ఒక రోగికి బొల్లి మచ్చలు తగ్గాయని.

ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. కానీ ఊరికే వదిలేయదగిందీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ హ్యారిస్ బృందం బొల్లి వచ్చేలా పెంచిన ఎలుకల మీద సిమ్వాస్టాటిన్ ప్రయోగించింది. ఫలితం 2015లో వెలువడింది. మందు ఇచ్చిన ఎలుకల్లో బొల్లి రావడం తగ్గింది, వచ్చినవాటిలో రంగు కొంత తిరిగొచ్చింది, చర్మంలో చేరిన టీ కణాలూ తగ్గాయి. ఇంటర్‌ఫెరాన్ గామా పంపిన సంకేతాన్ని కణం లోపల అందుకునే స్టాట్1 అనే ప్రోటీనును ఈ మందు అడ్డుకుంటుందన్నది వాళ్ల ఆలోచనకు పునాది.

ఇక మనుషుల వంతు. అదే బృందం కొద్దిమంది రోగులకు ఆరు నెలలు సిమ్వాస్టాటిన్ మాత్రలిచ్చి చూసింది. 2017లో ప్రకటించిన ఫలితం నిరాశపరిచింది, బొల్లి తగ్గలేదు. ఫ్రాన్స్‌లో కాంతి చికిత్సకు తోడుగా అటోర్వాస్టాటిన్ ఇచ్చి చూశారు, కాంతి చికిత్స ఒక్కటే ఇచ్చినదానికంటే అదనపు లాభం కనబడలేదు. ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు చేయలేదు? ఎలుకకి దాని బరువుతో పోలిస్తే ఇచ్చిన మోతాదు మనిషికి ఇవ్వగలిగినదానికంటే చాలా ఎక్కువ. మనిషికి అంత ఇవ్వలేం. 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటినే కండరాలను దెబ్బతీసే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. పైగా స్టాటిన్లలో ఎక్కువ భాగం కాలేయంలోనే ఆగిపోతాయి, చర్మానికి చేరేది కొంచెం. ఓడిపోయిన ప్రయోగమని దీన్ని చిన్నచూపు చూడకూడదు. ఒక ఆశను నిజాయితీగా పరీక్షించి, కాదని తేలితే కాదని చెప్పడం వల్ల ఎంతోమంది అక్కర్లేని మాత్రలు మింగకుండా మిగిలారు.

కథ అక్కడితో ఆగలేదు. బొల్లికి చికిత్స చేసి రంగు తెప్పించిన తర్వాత మందు ఆపితే, ఏడాదిలోపే 40 శాతం మందిలో మచ్చ మళ్లీ వస్తుంది, అదీ సరిగ్గా పాతచోటే. కారణం అక్కడే స్థిరపడిపోయిన జ్ఞాపక టీ కణాలు. చేలో తుంగని పైపైన కోస్తే దుంప మట్టిలో ఉండి వానపడగానే మళ్లీ మొలిచినట్టు, ఇవి చర్మంలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి అదను చూసి లేస్తాయి. రక్తంతో ఎక్కువ రాకపోకలు లేని ఈ కణాలు అక్కడ ఏం తిని బతుకుతున్నాయి? 2017లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. చర్మంలోని జ్ఞాపక టీ కణాలు చుట్టూ ఉన్న కొవ్వు ఆమ్లాలను లోపలికి లాక్కుని వాటిని ఇంధనంగా వాడుకుంటాయి. అలా లాక్కోవడానికి ఎఫ్ఏబీపీ4, ఎఫ్ఏబీపీ5 అనే కొవ్వును పట్టే ప్రోటీన్లు కావాలి. ఎలుకల్లో ఈ రెండు ప్రోటీన్లూ లేకుండా చేస్తే జ్ఞాపక టీ కణాలు చర్మంలో ఎక్కువకాలం నిలవలేకపోయాయి.

కొవ్వును పట్టే ప్రోటీనుకీ బొల్లి మొండితనానికీ మధ్య ఇప్పటిదాకా కనబడ్డ దారుల్లో నాకు అన్నిటికన్నా నమ్మకంగా తోచేది ఇది. రక్తంలో కొవ్వు ఎంత ఉందన్నదానికంటే చర్మంలోని టీ కణం దాన్ని ఎలా వాడుకుంటోందన్నది ముఖ్యం. అన్నం పళ్లెంలో నూనె తగ్గించినంత మాత్రాన ఆ కణానికి ఆహారం దొరక్కుండా పోదు, ఎందుకంటే కొవ్వు ఆమ్లాలు చర్మంలోనే పుష్కలంగా ఉంటాయి. ఆ ప్రోటీన్ల పనినే చర్మంలో సురక్షితంగా ఆపగలిగే మందు వస్తే తప్ప ఇది చికిత్స కాలేదు.

జన్యువులతో ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నమూ జరుగుతోంది. తల్లిదండ్రుల నుంచి ఏ జన్యువు ఏ బిడ్డకొస్తుందన్నది పుట్టుకలో చీటీ తీసినట్టు యాదృచ్ఛికం. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండే జన్యువులు వచ్చినవాళ్లలో బొల్లి కూడా ఎక్కువైతే, కొవ్వే కారణమన్న వాదనకి బలం. తేడా లేకపోతే అది కేవలం తోడొచ్చిన లక్షణం. ఈ పద్ధతికి మెండెలియన్ రాండమైజేషన్ అని పేరు. దీనికి వాడే జన్యు సమాచారం ఎక్కువగా ఐరోపా మూలాలున్నవాళ్లది. మన ప్రజల జన్యు సమాచారం చేరితేగానీ మనకి వర్తించే తీర్పు రాదు.

మరి ఇంట్లో ఏం చేయాలి?

చేపలు తిన్నరోజు పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాటకి ఆధారం లేదు. చేపని ఎన్నడూ ముట్టని శాకాహార కుటుంబాల్లోనూ బొల్లి వస్తుంది. పుల్లటి వస్తువులు, తెల్లటి వస్తువులు మానేయమనడం కూడా అలాంటిదే. ఎదిగే పిల్లలకి పాలు, గుడ్లు, చేపలు మానిపిస్తే రంగు రాదు సరికదా, ఒంటికి కావాల్సిన పోషకాలు అందవు. బొల్లి కోసమని స్టాటిన్ మాత్ర వేసుకోవడంలో అర్థం లేదు. కొలెస్ట్రాల్ కోసం డాక్టరు రాసి ఉంటే, బొల్లి ఉంది కదా అని దాన్ని మానేయడమూ తప్పే, అది గుండెని కాపాడే మందు.

లిపిడ్ రిపోర్టులో తేడా ఉంటే ముందు టీఎస్‌హెచ్ చూపించండి, షుగర్ చూపించండి, వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టండి. ఆ తర్వాత నడక, బరువు, తిండి గురించి ఆలోచించండి. అవి గుండె కోసం. మచ్చల కోసం వేరే చికిత్సలున్నాయి. నారోబ్యాండ్ అల్ట్రావయొలెట్ కాంతి చికిత్స పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతుంది. పూత మందులున్నాయి. మచ్చలు స్థిరపడ్డవాళ్లకి మెలనోసైట్లను నాటే శస్త్రచికిత్స ఉంది. ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతాన్ని కణం లోపలే అడ్డుకునే రుక్సోలిటినిబ్ క్రీమును 2022 జులైలో అమెరికా అనుమతించింది. 12 ఏళ్లు దాటినవాళ్లకి వాడొచ్చు. పెద్ద ట్రయల్స్‌లో ఆరు నెలలకు దాదాపు 30 శాతం మందికి ముఖం మీద కనీసం 75 శాతం రంగు తిరిగొచ్చింది. ఎలుకల్లో సిమ్వాస్టాటిన్ వేలుపెట్టిన ఆ సంకేతాన్నే ఈ క్రీము మరింత సూటిగా ఆపుతోంది.

మచ్చ కొత్తగా ఉన్నప్పుడు, దాని మీది వెంట్రుకలు ఇంకా నల్లగా ఉన్నప్పుడు చికిత్స బాగా పనిచేస్తుంది. రంగు తిరిగొచ్చేది ఎక్కువగా వెంట్రుక మూలంలో దాగిన మెలనోసైట్ల నుంచే. కాబట్టి పథ్యాలు పాటిస్తూ నెలలు గడపకుండా, మచ్చ కనబడగానే చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి.